మూడు వందల యేళ్ళ సిమెంటు

1969వ సంవత్సరంలో మూడు వేర్వేరు చోట్ల మూడు పనులు మొదలయ్యాయి. మహారాష్ట్ర తీరాన తారాపూర్‌లో మన దేశపు తొలి అణువిద్యుత్ కేంద్రం విద్యుత్తు ఇవ్వసాగింది. ఫ్రాన్సు వాయవ్య తీరాన, లా మాంష్ అనే ప్రాంతంలో, రేడియోధార్మిక వ్యర్థాలను నేల పైపొరలోనే భద్రపరిచే కేంద్రమొకటి తెరుచుకుంది. అప్పటి కరీంనగర్ జిల్లాలో, రామగుండానికి దాపున బసంత్‌నగర్‌లో, కేశోరాం వారి మొదటి సిమెంటు కర్మాగారం 2.1 లక్షల టన్నుల వార్షిక సామర్థ్యంతో పని మొదలుపెట్టింది. ఈ మూడింటినీ ఒక తాటిమీదికి తెచ్చినవారెవరూ లేరు. అయినా ఒకటి వ్యర్థాన్ని పుట్టించేది, ఒకటి దాన్ని పూడ్చిపెట్టేది, మరొకటి ఆ పూడ్చడానికి కావలసిన పదార్థాన్ని వండేది. బొగ్గు ప్రాంతం మనిషిగా నాకు మూడవదానితోనే పరిచయం. దాని గుండా మిగతా రెండింటిని చూడాలని ఈ వ్యాసం.

సిమెంటు చరిత్ర మనమనుకునేంత పాతది కాదు. ఇంగ్లండులోని లీడ్స్ నగరపు తాపీ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824 అక్టోబరులో "పోర్ట్‌లండ్ సిమెంటు" పేరుతో పేటెంటు తీసుకున్నాడు. గట్టిపడ్డాక పోర్ట్‌లండ్ రాయిలా కనిపిస్తుందని ఆ పేరు. అంటే ఈ పదార్థం వయసు రెండు వందల యేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. అంతకు ముందు మన చార్మినారుకు (1591) వాడినది గచ్చు, అంటే సున్నపు మిశ్రమం. రోమనులు పాంథియన్ గుమ్మటానికి వాడినది సున్నమూ అగ్నిపర్వతపు బూడిదా కలిపిన కాంక్రీటు. ఆ బూడిదకు పొజోలానా అని పేరు. మన థర్మల్ కేంద్రాల బూడిద కూడా సిమెంటులో కలిసినప్పుడు చేసే పని అదే. రామగుండంలో 1983లో ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ నడిచినప్పటి నుండి బూడిద గుట్టలతో కాపురం చేస్తున్న మనకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

సున్నపురాయిని బంకమన్నుతో కలిపి, దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాల్చితే నల్లని గుండ్లు వస్తాయి. దాన్నే క్లింకరు అంటారు. కొంచెం జిప్సం చేర్చి పొడి చేస్తే సిమెంటు. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది భావన. నిజానికి అది నీళ్ళు తాగి గట్టిపడుతుంది. స్లాబు వేసిన మరునాటి నుండి మేస్త్రి నీళ్ళు కట్టమని పోరు పెట్టేది అందుకే. నీటితో కలిసిన సిమెంటులో కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురు పుట్టి, ఇసుకనూ కంకరనూ పట్టుకొని రాయి చేస్తుంది. ఆ రాయి లోపలి తడి విపరీతమైన క్షారం. రేడియోధార్మిక వ్యర్థాల కథలో ఈ జిగురూ ఈ క్షారగుణమే నాయకులు.

ఐతే మొదట్లో సిమెంటును పిలిచింది ఈ గుణాల కోసం కాదు, బరువు కోసం. అమెరికా 1946 నుండి 1970 వరకు శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదురుగా, ఫారలాన్ దీవుల దగ్గర, దాదాపు 47,800 పీపాల వ్యర్థాన్ని సముద్రంలో పడవేసింది. ఉక్కు పీపాలో వ్యర్థం, చుట్టూ కాంక్రీటు: మునగాలి, అంతే. తేలిన పీపాలను తుపాకులతో కాల్చి ముంచిన సందర్భాలూ ఉన్నాయి. ఐరోపా దేశాలూ అట్లాంటిక్‌లో ఇదే పని చేశాయి. 1993లో లండన్ ఒడంబడిక దేశాలు రేడియోధార్మిక వ్యర్థాలను సముద్రంలో వేయడాన్ని పూర్తిగా నిషేధించాయి. సముద్రం తలుపు మూసుకున్నాక వ్యర్థం నేల మీదే ఉండిపోవలసి వచ్చింది. అప్పుడు సిమెంటును అడగవలసిన ప్రశ్న మారింది. "మునుగుతావా?" అన్నది పోయి, "ఎంత కాలం పట్టుకుంటావు?" అన్నది వచ్చింది.

ఈ ప్రశ్నకు సిమెంటు ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క జవాబు ఇస్తుంది. యురేనియం, ప్లుటోనియం వంటి భార లోహాలు క్షారంలో కరగలేక అవక్షేపాలై కూర్చుంటాయి. స్ట్రాన్షియం గుణంలో కాల్షియానికి చుట్టం కనుక జిగురులో కాల్షియం పక్కనే చోటు వెతుక్కుంటుంది. సీజియం అలా కాదు. అది సోడియం, పొటాషియంల కులానికి చెందినది. ఎంత క్షారంలోనైనా హాయిగా కరుగుతుంది, సూక్ష్మమైన రంధ్రాల గుండా నీటితో పాటు జారిపోతుంది. అందుకని సీజియం ఉన్న వ్యర్థానికి సిమెంటుతో పాటు వర్మిక్యులైటు, బెంటొనైటు వంటి ఖనిజాలు కలుపుతారు. మన నెల్లూరు అభ్రకపు నేలల్లో దొరికే వర్మిక్యులైటుకు సీజియాన్ని తన పొరల మధ్య బిగించి పట్టే గుణముంది.

ఇక వ్యర్థం కూడా సిమెంటు మాట వినాలి కదా. కొన్ని రియాక్టర్ల నీటిలో ఉండే బోరేటు లవణాలు సిమెంటును గట్టిపడనివ్వవు. నైట్రేటు ఉప్పులు ఎక్కువైతే దిమ్మె బలహీనపడుతుంది. అల్యూమినియం వంటి లోహపు ముక్కలు క్షారంతో కలిసి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తాయి. కాబట్టి ఇది ఇంటి స్లాబు పనిలా ఒక్క పాళ్ళతో సాగేది కాదు. ప్రతి రకం వ్యర్థానికీ వేరే పాకం. అమెరికాలో సవన్నా నది దగ్గర 1990లో మొదలైన సాల్ట్‌స్టోన్ కర్మాగారపు తొలి పాళ్ళలో సిమెంటు పదో వంతు మాత్రమే. తక్కినది ఉక్కు కొలిమి స్లాగూ, థర్మల్ బూడిదా చెరిసగం. ఇంగ్లండులోని సెలఫీల్డ్‌లో అదే సంవత్సరం నుండి ఇంధనపు తొడుగుల వ్యర్థాన్ని 500 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు పీపాలలో స్లాగు కలిపిన సిమెంటుతో బిగిస్తూ వచ్చారు. బూడిద ఒక ఊరికి పీడ, మరొక చోట తాళం.

సిమెంటుకు పోటీదారులు లేకపోలేదు. తారులో కలిపి గట్టిపరచడం ఒక దశలో చాలా దేశాలలో సాగింది. తారు నీటిని రానివ్వదు, తక్కువ చోటు పడుతుంది. కాని తారు మండుతుంది. 1997 మార్చి 11న జపానులోని తోకాయ్‌లో తారు మిశ్రమం చేసే కర్మాగారంలో నిప్పు పుట్టి, పేలుడు జరిగింది. సిమెంటు మండదు, చవక, దాన్ని కలిపే పనివాడు ప్రతి దేశంలోనూ ఉన్నాడు. అన్నిటికంటే తీక్ష్ణమైన వ్యర్థానికి మాత్రం సిమెంటు చాలదు. ఆ వేడికీ వికిరణానికీ దానిలోని నీరే విడిపోయి వాయువులవుతుంది. అటువంటిదాన్ని గాజులో కరిగించి పోస్తారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో మనవారు చేస్తున్నది అదే. సిమెంటుకు మిగిలేది తక్కువ, మధ్యస్థ స్థాయి వ్యర్థం: వడకట్టిన బురద, రసాయన ద్రవాల మడ్డి, అరిగిన రెజిన్లు, కలుషితమైన సామాను. తీక్ష్ణత తక్కువ, పరిమాణం ఎక్కువ.

ఇందులో తెలుగు నేల పాత్ర ఏమిటి? కథ మొదటి భాగమంతా మనదే. 1971లో హైదరాబాదులో ఏర్పడ్డ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దేశంలోని రియాక్టర్లకు ఇంధనపు కట్టలు చేస్తున్నది. మణుగూరు దగ్గర 1991లో మొదలైన భారజల కర్మాగారం సింగరేణి బొగ్గుతో, గోదావరి నీటితో నడుస్తున్నది. ఆ ఇంధనమూ ఆ భారజలమూ వెళ్ళేది కల్పాక్కం, కైగా, రాజస్థాన్ రియాక్టర్లకు. వ్యర్థం గట్టిపడేది కూడా అక్కడే. తెలుగువారికి బాగా దగ్గరైన కల్పాక్కంలో వ్యర్థాల కోసమే ఒక కేంద్రీకృత నిర్వహణ కేంద్రం ఉంది. సిమెంటు దిమ్మెలైన వ్యర్థాన్ని రాతి కట్టడపు కందకాలలో, ఆర్.సి.సి. కందకాలలో, నేలలోకి నిలువుగా దింపిన గొట్టపు గుంతలలో ఉంచడం మన దేశపు పద్ధతి. 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. 1987లో రేడియోధార్మిక వ్యర్థాల సురక్షిత విసర్జనకు నియమాలు వచ్చాయి. ఈ కందకాలను మూసివేసిన తరువాత కూడా సుమారు 300 యేళ్ళు కనిపెట్టి ఉండాలన్నది లెక్క.

300 అనే అంకె ఎక్కడి నుండి వచ్చింది? సీజియం-137 అర్ధాయువు దాదాపు 30 యేళ్ళు, స్ట్రాన్షియం-90ది 29. అర్ధాయువంటే ఉన్న పదార్థంలో సగం క్షీణించడానికి పట్టే కాలం. పది అర్ధాయువులు గడిస్తే వెయ్యో వంతు మిగులుతుంది. పది ముప్పయిలు మూడు వందలు. అంకగణితం నిర్దోషంగా ఉంది. నేను చరిత్ర చదివే మనిషిని కనుక ఆ అంకెను మరోలా చదువుతాను.

ఈనాటి నుండి 300 యేళ్ళు వెనక్కి నడవండి. 1724లో షకర్‌ఖేడా యుద్ధం గెలిచి నిజాముల్ ముల్క్ దక్కనులో అసఫ్‌జాహీ పాలనకు పునాది వేశాడు. ఆ సంవత్సరం గోదావరి ఒడ్డున ఎక్కడో ఒక కందకం మూసి, "మూడు వందల యేళ్ళు దీన్ని తవ్వకండి" అని దస్తావేజు రాసి ఉంచారనుకుందాం. అది పారసీలో ఉండేది. 1880లలో నిజాం పాలనా భాష ఉర్దూ అయింది. 1948లో సంస్థానం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ. 2020లో భూముల లెక్కలు ధరణిలోకి ఎక్కాయి, 2025లో భూభారతిలోకి మారాయి. ఆ దస్తావేజు ఇన్ని చేతులు మారి, ఇన్ని లిపులు దాటి, ఈ రోజు మన తహసీల్దారు బల్ల మీదికి వచ్చి ఉండేదా? నా మట్టుకు నాకు నమ్మకం లేదు.

అంత దూరం పోనక్కరలేదు. ఒక్క అర్ధాయువు చూడండి. 1995లో బసంత్‌నగర్ ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్ జిల్లాలో ఉండేది. అక్కడి సిమెంటు కేశోరాం వారిది. 2025 నాటికి రాష్ట్రం తెలంగాణ, 2016 నుండి జిల్లా పెద్దపల్లి, కేశోరాం సిమెంటు వ్యాపారం అల్ట్రాటెక్‌లో కలిసిపోయింది. ఊరు కదలలేదు, గుట్టలు కదలలేదు. కాని చిరునామాలో ఊరి పేరు తప్ప అన్నీ మారాయి. అదే ముప్పయి యేళ్ళలో ఒక పీపాలోని సీజియం తగ్గినది సగమే. ఇంకా తొమ్మిది అర్ధాయువులు మిగిలే ఉంటాయి.

ఇది ఊహాగానమని ఎవరైనా అంటే, రెండు కాంక్రీటు కట్టడాల చరిత్ర చెబుతాను. పసిఫిక్‌లో మార్షల్ దీవుల ఎనెవెటాక్‌లో అమెరికా అణుపరీక్షలు చేసింది. 1977-80 మధ్య అక్కడి రూనిట్ దీవిలో, 1958 నాటి ఒక పేలుడు తవ్విన బిలంలోకి, ప్లుటోనియం అంటిన మట్టిని సిమెంటుతో కలిపి జావలా చేసి పంపారు. 70,000 ఘనపు మీటర్లకు పైగా మట్టి నింపి, పైన 46 సెంటీమీటర్ల మందాన కాంక్రీటు గుమ్మటం కట్టారు. బిలం అడుగున మాత్రం ఏ పొరా వేయలేదు. పగడపు రాతి గుండా సముద్రపు నీరు ఆటుపోట్లతో వచ్చిపోతూనే ఉంది. గుమ్మటం పైన పగుళ్ళు కనిపిస్తున్నాయి. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,000 యేళ్ళు. కట్టినప్పుడు ఆ దీవులు అమెరికా పాలనలో ఉండేవి. 1986లో మార్షల్ దీవులు స్వతంత్ర దేశంగా అమెరికాతో ఒప్పందం చేసుకున్నాయి. గుమ్మటం బాధ్యత ఎవరిదన్న వాదన ఆ తరువాత తెగనే లేదు.

రెండవది చెర్నోబిల్. 1986 ఏప్రిల్‌లో రియాక్టరు పేలింది, నవంబరు నాటికి దాని మీద ఉక్కు కాంక్రీటుల సమాధి లేచింది. కట్టిన సోవియట్ యూనియన్ అయిదేళ్ళకే, 1991లో, లేకుండా పోయింది. 2016లో దాని మీద పెద్ద ఉక్కు కమాను కప్పారు. 2022లో ఆ ప్రాంతాన్ని రష్యా సైన్యం కొన్ని వారాలు ఆక్రమించింది. 2025 ఫిబ్రవరిలో ఒక డ్రోను వచ్చి ఆ కమానుకే రంధ్రం చేసింది. రూనిట్‌లోనూ చెర్నోబిల్‌లోనూ సిమెంటు కంటే ముందు కాపలాదారు మారిపోయాడు.

సిమెంటు అసలు చేరలేని చోటు మన ఇంట్లోనే ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో యురేనియం ఉత్పత్తి మొదలైంది. టన్ను రాయి నుండి అర కిలో యురేనియం కూడా రాదు. రోజుకు 3,000 టన్నుల రాయి నలగ్గొట్టే సామర్థ్యంతో కట్టిన కర్మాగారమది. యురేనియం పోయాక మిగిలే మడ్డిలో థోరియం-230, రేడియం-226 ఉండిపోతాయి. రేడియం అర్ధాయువే 1,600 యేళ్ళు. అంత మడ్డిని పీపాలకు ఎత్తి సిమెంటు పోయడం ఎవరి తరమూ కాదు. అది చెరువులా కట్టిన టెయిలింగ్ పాండులోకి పోతుంది. బోరు నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల పల్లెల రైతులు ఫిర్యాదు చేశారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. తమ వల్ల కాదని కంపెనీ వాదించింది. మన బొగ్గు బాయిల్లో తవ్విన చోట గోదావరి ఇసుక నింపే స్టోయింగ్ పద్ధతి ఉండేది. తీసినచోట ఏదో ఒకటి పెట్టాలన్న కనీస మర్యాద అది. యురేనియం మడ్డికి అంత సులువైన మర్యాద కూడా కుదరదు. కొన్ని వారాలు పనిచేసి చేతికి అంటిన పదార్థాన్ని పీపాలో బిగిస్తాము, కొండంత మడ్డిని ఆకాశం కింద వదిలేస్తాము. ఈ వైరుధ్యాన్ని పాఠ్యపుస్తకాలు చెప్పవు.

మరి ఎక్కడా సరిగా చేసినవారు లేరా? లా మాంష్ కేంద్రం 1969 నుండి 1994 వరకు 5,27,000 ఘనపు మీటర్ల వ్యర్థాన్ని తీసుకొని మూతపడింది. ఫ్రెంచివారు దాన్ని 300 యేళ్ళు కనిపెట్టవలసిన చోటుగా లెక్కించి, కాంక్రీటు మీద పెట్టినంత శ్రద్ధ కాగితం మీద కూడా పెట్టారు. చిరకాలం నిలిచే ప్రత్యేకమైన కాగితం మీద కేంద్రం చరిత్రంతా ముద్రించి, ఒక ప్రతి అక్కడ, ఒక ప్రతి జాతీయ పత్రాగారంలో ఉంచారు. రాజ్యాలు మారినా ఎవరో ఒకరికి దొరకాలన్నది వారి ఆలోచన.

ఇది చదివినప్పుడు నాకు మన శాసనాలు గుర్తుకు వచ్చాయి. దానశాసనాలన్నీ "ఆచంద్రార్కం" అంటాయి, సూర్యచంద్రులున్నంత వరకు అని. అతిశయోక్తే. ఐనా 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడి కట్టించి శాసనం వేయించాడు. ఆనాటి రామప్ప చెరువు ఈనాటికీ పొలాలు పారిస్తున్నది. దాని కట్ట మట్టిది. 46 సెంటీమీటర్ల కాంక్రీటు నలభై యేళ్ళకే పగుళ్ళు చూపిస్తే, మట్టికట్ట ఎనిమిది వందల యేళ్ళు ఎలా నిలిచింది? ప్రతి తరమూ దాన్ని మళ్ళీ కట్టింది కనుక. చెరువు మరమ్మతు చూసేవారికి పంటలో, భూమిలో భాగమిచ్చే దశబంధం అనే ఏర్పాటు ఉండేది. నిర్లక్ష్యం చేసిన కాలాలూ ఉన్నాయి, మళ్ళీ పూడిక తీసిన కాలాలూ ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అటువంటిదే. తూము చెడితే కింది రైతు ఆ వేసవిలోనే గోల పెడతాడు. మత్తడి తెగితే ఊరంతా పరుగెత్తుతుంది.

సమస్య సరిగ్గా ఇక్కడే ఉంది. సిమెంటు దిమ్మెల కందకం కింద ఆయకట్టు లేదు. క్రీ.శ. 2200లో దాన్ని కాపాడేవాడికి ఒక్క గింజ కూడా రాదు. దాని వల్ల వెలిగిన దీపాలు మనవి, ఆరిపోయిన దీపాలు. కారితే కంటికి కనిపించదు, వాసన రాదు, గోల పెట్టే రైతు ఉండడు. లాభం ఒక తరానిది, కాపలా పది తరాలది. ఇటువంటి కట్టడానికి దశబంధం ఎవరివ్వాలి? ఇప్పుడు విద్యుత్తు వాడుకుంటున్నవాళ్ళమే, ఇప్పుడే ఇవ్వాలి. కరెంటు ధరలోనే ఆ కాపలా ఖర్చు కట్టి, ఎవరూ ముట్టని నిధిగా ఉంచాలి. కందకం ఉన్న సర్వే నంబరు భూమి లెక్కల్లో ఎర్ర సిరాతో ఉండాలి. అది ఏ పోర్టల్ మారినా చెరిగిపోకుండా గ్రామపంచాయతీ గోడ మీద, ఆ ఊరి భాషలో, రాతి మీద చెక్కి ఉండాలి. ఏమి పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పటివరకు ముట్టకూడదు అన్న మూడు ముక్కలు చాలు.

రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ దాటే లారీల సిమెంటు ఇళ్ళకూ వంతెనలకూ పోతుంది. ఏ సంచి మీదనైనా తయారైన వారమూ సంవత్సరమూ ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటితే బలం తగ్గుతుందని మేస్త్రి ఆ తేదీ చూసి మరీ కొంటాడు. మూడు వందల యేళ్ళకు వాడే సిమెంటు మీద ఏ తేదీ రాయాలో, దాన్ని చదివేవాడికి ఏ భాష వస్తుందో, ఆ నిర్ణయం కందకం మూసేలోగా జరగవలసినది.